ఒంట్లో కొవ్వుకీ పేగులో క్యాన్సర్‌కీ మధ్య

ఊబకాయం అనగానే గుండెపోటు, షుగరు, మోకాళ్ల నొప్పులు గుర్తొస్తాయి. పెద్దపేగు క్యాన్సర్ ఎవరికీ గుర్తు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక బరువు వల్ల ముప్పు పెరిగే క్యాన్సర్లు 13 ఉన్నాయని తేల్చింది. వాటిలో ఇదీ ఒకటి. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటే పేగు లోపలి పొరలో కణాలు ఎందుకు అదుపు తప్పాలి? ఇన్సులిన్ మితిమీరడం, ఒళ్లంతా సన్నగా రగులుతూ ఉండే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) చాలాకాలంగా చెబుతున్న కారణాలు. ఇప్పుడు వాటి పక్కన పేగుల్లోని బాక్టీరియా కూడా చేరింది.

2004లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జెఫ్రీ గోర్డన్ బృందం ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగుల్లోని బాక్టీరియాను ఎక్కించింది. రెండు వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు 60 శాతం దాకా పెరిగింది. విచిత్రం ఏమిటంటే, అవి మునుపటికంటే తక్కువే తిన్నాయి. ఆ ఊపులో ఫలానా రకం బాక్టీరియా ఎక్కువైతే లావెక్కుతారన్న లెక్కలు వచ్చాయి. మనుషుల్లో మళ్లీ మళ్లీ పరీక్షిస్తే అవి సరిగా నిలబడలేదు. ఎలుకల్లో కనిపించిందల్లా మనుషులకు అంటగట్టే తొందర ఈ రంగంలో కాస్త ఎక్కువే.

నాకు మాత్రం ఇంతకంటే గట్టి ఆధారంగా కనిపించేది పైత్యరసం. కొవ్వు తిన్నప్పుడు దాన్ని అరిగించడానికి కాలేయం నుంచి పైత్యరసం దిగుతుంది. అందులోని ఆమ్లాల్లో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివర్లోనే శరీరం వెనక్కి పీల్చుకుంటుంది. మిగిలిన కాస్తా పెద్దపేగులోకి జారుతుంది. అక్కడి కొన్ని బాక్టీరియా దాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఇది పేగు పొరను ఒరిపిడి పెడుతుంది, డీఎన్‌ఏను దెబ్బతీయగలదు. దెబ్బతిన్న పొరను పూడ్చడానికి కణాలు మరిన్నిసార్లు విభజన చెందాలి. విభజన జరిగిన ప్రతిసారీ జన్యువుల నకలులో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. అంటే ఎక్కువ కొవ్వు తింటే ఎక్కువ పైత్యరసం, బాక్టీరియాకు ఎక్కువ ముడిసరుకు.

పీచు తింటే ఇదే పెద్దపేగులో వేరే పని నడుస్తుంది. మనం అరిగించుకోలేని పీచును బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. పెద్దపేగు పొర కణాలకు ప్రధాన ఇంధనం అదే. ఇన్‌ఫ్లమేషన్‌ను కూడా అది అణచిపెడుతుంది.

ఈ రెండు దారులనూ మనుషుల్లోనే పోల్చిన ప్రయోగం 2015లో వెలువడింది. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా కనిపించే ఆఫ్రికన్ అమెరికన్లు 20 మంది, అది చాలా అరుదైన దక్షిణాఫ్రికా పల్లెల వాళ్లు 20 మంది రెండు వారాలు తిండి మార్చుకున్నారు. మొదటివాళ్లకు పీచు పెంచి కొవ్వు తగ్గించారు, రెండోవాళ్లకు తలకిందులుగా. అంత తక్కువ వ్యవధిలోనే అమెరికన్లలో బ్యుటిరేట్ పెరిగింది, పైత్యరసం నుంచి పుట్టే హానికర ఆమ్లాలు తగ్గాయి, పేగు పొరలో ఇన్‌ఫ్లమేషన్ నెమ్మదించింది. ఆఫ్రికా పల్లెవాసుల్లో అన్నీ ఎదురు తిరిగాయి. రెండు వారాల్లో ఎవరికీ క్యాన్సర్ రాదు, పోదు. కనిపించినవి ముప్పు గుర్తులు మాత్రమే. కానీ ఎవరి జన్యువులూ మారలేదు, మారింది కంచంలోని తిండే.

అయితే ప్రతి కేసునూ బరువు ఖాతాలోనో తిండి ఖాతాలోనో వేయలేం. ఇ.కోలై బాక్టీరియాలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది డీఎన్‌ఏ మీద తనదైన ముద్ర వదిలి పోతుంది. 2025లో 11 దేశాల రోగుల కణితులను పరిశీలిస్తే, 70 దాటాక జబ్బు బయటపడ్డవాళ్లకంటే 40 లోపే బయటపడ్డవాళ్లలో ఈ ముద్ర మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. ఆ ముద్ర చిన్నతనంలోనే, బహుశా పదేళ్లలోపే పడి ఉంటుందని ఆ పరిశోధకుల అంచనా. అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా ముందుగా చేసే పరీక్ష) మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కి దించారు. ఈ 40 లోపు వాళ్లు ఇప్పటికీ దాని పరిధిలోకి రారు.