బాబిలోన్ ఇటుకల మీద ఎవరి పేరు ఉంది?

ఇరాక్‌లోని పురాతన నగరం బాబిలోన్‌కి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది 2019 జూలైలో, ఇరాక్ అడగడం మొదలుపెట్టిందేమో 1983లో. అంత పేరున్న ఊరికి 36 ఏళ్ళు ఎందుకు పట్టిందో తెలియాలంటే అక్కడి ఇటుకల సంగతి తెలియాలి.

బాగ్దాద్‌కి దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్లు, హిల్లా ఊరి పక్కన, యూఫ్రటీస్ నది ఒడ్డు. ఆ నేలలో రాయి దొరకదు, ఉన్నదంతా ఒండ్రుమట్టే, కాబట్టి లెక్క రాసుకోవాలన్నా మట్టిపలకే, కోట కట్టాలన్నా మట్టే. క్రీ.పూ. 605 నుంచి 562 దాకా ఏలిన రెండో నెబుకద్‌నెజర్ ఇటుకలు పచ్చిగా ఉండగానే వాటి మీద ముద్ర కొట్టించేవాడు: బాబిలోన్ రాజు, ఎసగిలా ఎజిదా గుళ్ళని పోషించేవాడు, నబోపొలాసర్ పెద్ద కొడుకు అని. తర్వాత బట్టీలో కాల్చి తారుతో అతికించి కట్టేవాళ్ళు. నగర ద్వారాల్లో ఒకటైన ఇష్తార్ ద్వారానికైతే నీలం మెరుపు పూత, దాని మీద పాము తల, ముందు సింహం కాళ్ళు, వెనక గద్ద కాళ్ళు ఉన్న జంతువులు వరసగా నడుస్తుంటాయి, ఫోటోలో చూసినా కళ్ళు తిప్పుకోలేం.

ఊరు పాడుబడ్డాక ఆ ఇటుకలే తీసుకెళ్ళి హిల్లాలో ఇళ్ళు కట్టుకున్నారు, వాళ్ళని నేను తప్పు పట్టను, ఇల్లు కావాలి కదా. 1899 నుంచి 1917 దాకా జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త కోల్డెవే తవ్వించాడు, నీలం ముక్కలు పెట్టెలకెక్కి బెర్లిన్ వెళ్ళిపోయాయి, 1930 నుంచి ద్వారం అక్కడి మ్యూజియంలో నిలబడి ఉంది. బాబిలోన్‌లో మిగిలింది పూత లేని కింది భాగం మాత్రమే.

అసలు దెబ్బ 1980ల్లో పడింది. సద్దాం హుస్సేన్ పాత రాజభవనం మొండిగోడల మీదే కొత్త గోడలు లేపించి, నెబుకద్‌నెజర్ లాగే ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడు. పాతదేదో కొత్తదేదో విడదీయలేకుండా పోయింది, గుర్తింపుకి ఇదే పెద్ద అడ్డంకి అయ్యింది. ఆ తర్వాత 2003-04లో అమెరికా, పోలండ్ సైన్యాలు శిథిలాల మధ్యే క్యాంపు పెట్టాయి, బరువైన బండ్ల కింద 2,600 ఏళ్ళ నాటి ఇటుకల బాట పగిలింది, పాత కుండపెంకులున్న మట్టినే తవ్వి ఇసుక బస్తాల్లో నింపారు, మిగిలిన ద్వారం భాగం మీది జంతువుల బొమ్మల్లోంచి ఎవరో ఇటుకలు పీకబోయి తొమ్మిది బొమ్మల్ని పాడుచేశారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కడుపు రగిలిపోయింది.

ఇప్పుడు గుర్తింపైతే ఉంది, కానీ భూగర్భ జలం పైకి ఎగబాకి గోడల అడుగున చవుడు పడుతోంది, ముద్ర ఉన్న ఇటుకలు కూడా కింద నుంచి పొడి పొడిగా రాలిపోతున్నాయి.