చప్పట్లకు తల తిప్పితే చెవులు బాగున్నట్టేనా?

"వీడి చెవులకేం లేదండీ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు." పసిపిల్లల చూపు, వినికిడి మీద పనిచేసే నాకు ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: ఉలిక్కిపడితే వినికిడి బాగున్నట్టే.

వాస్తవం: కాదు. తలుపు ధడేల్‌మనడం ఎక్కడ, మనం మాట్లాడే మాట ఎక్కడ! పెద్ద చప్పుళ్లు వినబడి, స, శ లాంటి సన్నటి ధ్వనులు అందని పిల్లలున్నారు. పైగా చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, గిన్నె పడేస్తే నేల అదురుతుంది. నేనూ మోసపోయాను. కొత్తలో ఒక పాపను వెనకనుంచి పిలిస్తే ప్రతిసారీ తిరిగింది. 'బాగా వింటోంది' అని రాసేసుకున్నాను. తర్వాత వీడియో చూస్తే, నేను వంగినప్పుడల్లా ఎదుటి గోడ మీద నా నీడ పడుతోంది. పాప తిరిగింది నీడ కదిలినందుకు. ఆ పాపకు వినికిడి లోపం ఉందని పరీక్షలో తేలింది.

"ఊ కొడుతోంది కదా" అంటారు. మొదటి నెలల్లో వినబడని పిల్లలూ ఊ కొడతారు. తేడా తెలిసేది బాబాబా, దాదాదా దగ్గర. అవి వాళ్లకు ఆలస్యంగా వస్తాయి. అప్పటిదాకా ఆగితే విలువైన నెలలు పోతాయి. వెయ్యిమంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతో వినికిడి లోపం ఉంటుంది. అందుకే 1-3-6 అంటాం: నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు. ఆరు నెలల్లోపు లోపం బయటపడ్డ పిల్లలకు భాష మెరుగ్గా వస్తుందని పరిశోధకురాలు క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లోనే చూపింది.

ఓఏఈ పరీక్షలో (చెవిలో చిన్న శబ్దం పెట్టి లోపలి చెవి స్పందనను కొలిచే స్క్రీనింగ్) 'రిఫర్' అని వస్తే టెన్షన్ పడకండి. పుట్టిన కొత్తలో చెవిలో ద్రవం ఉన్నా అలా వస్తుంది. అది నిర్ధారణ కాదు, మళ్లీ చూడమని చెప్పడం. రాత్రంతా ఏడ్చి వచ్చిన తల్లులను చూశాను, వాళ్ల బాధ నాకు తెలుసు. నా కోపం 'పెద్దయ్యాక చూద్దాంలే' అని రెండో పరీక్ష మాన్పించే చుట్టాల మీద. 'పాస్' వచ్చినా తర్వాత అనుమానమొస్తే మళ్లీ చేయించండి, కొందరికి లోపం ఆలస్యంగా మొదలవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పుట్టగానే కళ్లు కనబడవా? కనబడతాయి, మసకగా. 20-30 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఎత్తుకున్నవాళ్ల మొహం ఉండే చోట, కాస్త మెరుగు.

వీడియోలతో భాష వస్తుందా? పరిశోధకురాలు ప్యాట్రీషియా కుల్ 2003 ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలు మాండరిన్ (చైనా భాష) ధ్వనుల తేడాను ఎదురుగా ఉన్న మనిషి దగ్గర పట్టుకున్నారు. అదే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు.

బొమ్మను ఎక్కువసేపు చూస్తే తెలివైన పిల్లా? అయ్యో, మేం బొమ్మలు చూపించి చేసేది ఐక్యూ పరీక్ష కాదండీ. చూసిందే చూపిస్తే పిల్లలకు విసుగొస్తుంది, అప్పుడు కొత్త బొమ్మ పెట్టి తేడా గుర్తుపడతారేమో చూస్తాం. పాప మొహం తిప్పుకుందని తల్లిదండ్రులు మాకు సారీ చెబుతుంటారు. మేం కాచుక్కూర్చునేది దానికోసమే.