మార్సియానో ఇప్పుడుంటే

హనుమకొండ

పిల్లలూ,

దసరా సెలవుల్లో మీ లొల్లి తెగకముందే బస్సు టైమైంది. అందుకే ఈ ఉత్తరం. పాతకాలపు హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ రాకీ మార్సియానో ఇప్పుడుంటే ఈ కాలపు బాక్సర్ టైసన్ ఫ్యూరీని కొడతాడా? ఆడినవి 49, గెలిచినవి 49, ఇంకేం కావాలి అంటాడు పెద్దోడు. ఫ్యూరీ పక్కన ఆయన ఆనడు అంటుంది చిన్నది.

నేను చిన్నదాని వైపే. మార్సియానో ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, బరువు 84 కిలోల దగ్గర. ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిది, 2024 మేలో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌తో మొదటిసారి ఆడినప్పుడు దాదాపు 119 కిలోలు. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. అక్కడ రెండు కిలోలు తగ్గితే విభాగమే మారిపోతుంది. ఇక్కడ తేడా 35 కిలోలు!

ఉసిక్ కూడా చిన్నోడే కదా, ఫ్యూరీని రెండుసార్లు ఓడించలేదా అంటావు పెద్దోడా. నిజమే. కానీ ఉసిక్ ఆరడుగుల మూడు అంగుళాల మనిషి, బరువు కూడా వంద కిలోల పైనే. పైగా కాళ్లతో ఆడతాడు, ఒకచోట దొరకడు. మార్సియానో వంగి, తిన్నన్ని దెబ్బలు తింటూ మీదికి పోయే రకం. అంత పొడుగు చేతులను దాటి లోపలికి పోయేసరికే సగం అయిపోతాడు.

అసలు ముచ్చట వేరే ఉంది. 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌తో మార్సియానో టైటిల్ ఫైట్. మొదటి రౌండ్‌లోనే వాల్కాట్ ఎడమ హుక్‌తో, అంటే చేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బతో, మార్సియానోని కింద పడేశాడు. 12 రౌండ్లు అయ్యేసరికి స్కోరు వేసే ముగ్గురి కార్డుల్లోనూ వాల్కాటే ముందు. 13వ రౌండ్‌లో తాళ్ల దగ్గర మార్సియానో కుడి చేత్తో ఒక్కటిచ్చాడు, అంతే. వాల్కాట్ చేయి తాడుకు చిక్కుకుని, మోకాళ్ల మీద కూలబడిపోయాడు.

అప్పుడు టైటిల్ ఫైట్ అంటే 15 రౌండ్లు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో దెబ్బ తిని, కొన్ని రోజులకే చనిపోయాక, బాక్సింగ్ సంఘాలు ఒకదాని వెంట ఒకటి 12 రౌండ్లకు తగ్గించాయి. అంటే ఇప్పటి రూల్ ఉంటే ఆ రాత్రి గెలిచింది వాల్కాటే, ఇక నీ 49 ఎక్కడిది? పన్నెండే అని ముందే తెలిస్తే మార్సియానో ఇంకా తొందరపడేవాడేమో, అది నేనూ ఒప్పుకుంటా.

1970లో కంప్యూటర్ లెక్కతో తీసిన ఫైట్‌లో ముహమ్మద్ అలీని మార్సియానో 13వ రౌండ్‌లోనే ఓడించినట్టు చూపించారు. అక్కడా పన్నెండు దాటాకే, నవ్వొస్తుంది.

ఇప్పుడు 90 కిలోల వరకు క్రూజర్‌వెయిట్ అని వేరే విభాగం ఉంది. ఆయన రోజుల్లో అది లేదు. అందులో దిగితే మాత్రం ఆయన్ని ఆపడం కష్టమే.

పెద్దోడా, ఇంకా ఒప్పుకోకపోతే ఆ వాల్కాట్ ఫైట్ వీడియో పెట్టుకుని రౌండ్ రౌండ్‌కు స్కోరు నువ్వే వెయ్యి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురా.

మీ తాత