బుద్ధుడు తాగిన నీళ్లు మీ బోర్లోకి రావు

"బుద్ధుడు తాగిన నీళ్లే మనమూ తాగుతున్నాం" అన్న వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నేను భూగర్భ జలాల పనిలో ఉన్నాను, బోరు పాయింట్లు చూస్తాను. అందుకే నెలకోసారైనా ఎవరో ఒకరు అది పంపి "నిజమేనా సార్?" అంటారు.

లెక్క వరకు నిజమే. భూమ్మీద నీరంతా, సముద్రాలతో సహా, సుమారు 138 కోట్ల ఘన కిలోమీటర్లు. దాన్ని పావు లీటరు గ్లాసుల్లో పోస్తే ఎన్ని గ్లాసులవుతాయో, ఒక్క గ్లాసులో అంతకు 1,500 రెట్లు అణువులుంటాయి. అంటే ఆయన తాగిన ఒక్కో గ్లాసు లోకంలోని నీళ్లన్నిట్లో సమానంగా కలిస్తే, మీ గ్లాసులోకి 1,500 అణువులు వస్తాయి. రోజుకు 2 లీటర్ల చొప్పున 80 ఏళ్లు తాగాడనుకుంటే 35 కోట్లు. (నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ మార్చుకుంటూనే ఉంటాయి కాబట్టి "అదే అణువు" అనడం కూడా మాటవరసకే.)

అపోహ ఇక్కడ మొదలవుతుంది: "నీళ్లు ఎక్కడికీ పోవు, మళ్లీ వస్తాయి. ఇంకో 200 అడుగులు దించితే పడతాయి."

పోయిన ఎండాకాలం నల్లగొండ వైపు ఒక రైతు దగ్గరికి వెళ్లాను. మూడెకరాలు, నాలుగు బోర్లు. చివరిది 650 అడుగులు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రాతిపొడి ఇంకా కుప్పగా అక్కడే ఉంది. ఐదో బోరుకు రిగ్గు వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేశాడు. కొడుకు ఫోన్లో అదే మెసేజ్ చూపించాడు. "నీళ్లు యాడికి పోతయి సార్, మళ్లా వానై రావాలె గదా" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో ఆశకన్నా భయమే ఎక్కువ వినిపించింది.

వానై వస్తాయి, కానీ ఆయన చేలోకే వస్తాయని లేదు. ఆవిరైన నీరు గాల్లో ఉండేది సగటున పది రోజులే. ఈలోపు ఏ బంగాళాఖాతం మీదో కురవొచ్చు. సముద్రంలో పడితే అక్కడ సగటున 3,000 ఏళ్లు.

కురిసినదాంట్లో నేలలోకి ఇంకేది ఎంత? హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు వానలకు ముందు నేలలోకి ట్రిటియం ఎక్కించి, వానాకాలం అయ్యాక మట్టి తవ్వి, అది ఎంత లోతుకు దిగిందో కొలిచిన పద్ధతి ఒకటుంది. ట్రిటియం అంటే బరువు హైడ్రోజనే, నీటికి గుర్తు వేసినట్టన్నమాట. మన గ్రానైట్ నేలల్లో వానలో పదో వంతు దిగితే గొప్ప.

పెద్దాయనకు ఆ రాతిపొడి మీదే పుల్లతో రాసి చూపించాను. 750 మి.మీ. వాన పడితే ఎకరానికి 30 లక్షల లీటర్లు, అందులో ఇంకేది 3 లక్షలు. గంటకు 10,000 లీటర్లు తోడే మోటారు రోజుకు ఏడు గంటలు నడిస్తే నాలుగు రోజులకు సరి. మూడెకరాలకు 13 రోజులు. మడి నుంచి కొంత మళ్లీ ఇంకుతుంది, పక్క చేలనుంచి కొంత వస్తుంది, నిజమే. పక్క చేలోనూ మోటారు ఉంది మరి. పైగా మన రాయిలో నీరుండేది పైన మెత్తబడ్డ పొరలో, దాని కింది నెర్రెల్లో. లోతుకు పోయేకొద్దీ నెర్రెలు తగ్గుతాయి.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అడ్వాన్స్ వాపస్ ఇస్తరా సార్?" అన్నాడు. నేనే ఫోన్ చేశాను. సగం ఇచ్చారు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే నీళ్లు పడతాయన్నది నమ్మకం, పరీక్ష కాదు. "ఎవరెవరో తాగి వదిలిన నీళ్లు" అని అసహ్యపడేవాళ్లకు: ఆవిరయ్యేటప్పుడు ఉప్పూ మురికీ కిందే ఉండిపోతాయి. "లోతు నీళ్లు పాతవి, అందుకే స్వచ్ఛం" అన్నది మాత్రం ప్రమాదం. గ్రానైట్‌లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. బోరు పడగానే టెస్ట్ చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు.