బ్రిటన్‌లో ఓటు వేయబోయే మన పిల్లలకు: పన్ను హామీలు చదివే పద్ధతి

చిరంజీవులకు ఆశీస్సులు.

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లిన మీకు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుందని ముందు గుర్తు చేస్తాను. భారతదేశం కామన్వెల్త్ దేశం కాబట్టి, 18 ఏళ్లు నిండి, చెల్లే వీసాతో అక్కడ నివాసం ఉంటున్న భారతీయులు పేరు నమోదు చేసుకుని ఓటు వేయవచ్చు. నమోదు గడువు పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో ముగుస్తుంది. 2024 జూలై 4 ఎన్నికకైతే అది జూన్ 18. పోలింగ్ కేంద్రంలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. మన పాస్‌పోర్టు చెల్లుతుంది, యూనివర్సిటీ ఐడీ కార్డు చెల్లదు.

అక్కడ ఎన్నికలు వచ్చాయంటే పన్నుల మీద వాదన తప్పదు. "మేం పెంచం" అని ఒకరు, "వాళ్లొస్తే మీ జేబు ఖాళీ" అని ఇంకొకరు. ఆ మాటల్లో అబద్ధం కంటే చెప్పకుండా వదిలేసిన భాగమే ఎక్కువ. అదెక్కడుంటుందో చూద్దాం.

ఇంగ్లండ్‌లో ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయపు పన్ను లేదు. ఆ పైన 50,270 దాకా 20 శాతం, తర్వాత 40 శాతం, 1,25,140 దాటిన భాగం మీద 45 శాతం. పార్టీలు ప్రమాణం చేసేది సాధారణంగా ఈ శాతాల మీదే. 12,570 అనే పరిమితి మాత్రం 2021 ఏప్రిల్ నుంచి కదల్లేదు. కన్సర్వేటివ్ ప్రభుత్వం దాన్ని 2028 దాకా అక్కడే ఆపింది. లేబర్ ప్రభుత్వం 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ గడువును 2031 దాకా పొడిగించింది. ధరలూ జీతాలూ పెరుగుతున్నా పరిమితి పెరగకపోతే, రేటు ముట్టుకోకుండానే పన్ను పెరుగుతుంది.

మీ పార్ట్‌టైమ్ జీతంలోనే లెక్క చూడండి. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలన్న వీసా షరతు మీకు తెలిసిందే. 2024 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు, అంటే వారానికి 228.80. నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను వగైరాల కోసం జీతంలోంచి పట్టుకునే చందా) కోత వారానికి 242 పౌండ్లు దాటాకే మొదలవుతుంది కనుక కోత సున్నా. 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 అయింది. వారానికి 244.20, అంటే పరిమితి దాటిన 2.20 పౌండ్ల మీద 8 శాతం, దాదాపు 18 పెన్నీలు. 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71. వారానికి 254.20, కోత 98 పెన్నీలు. ఏడాది పొడుగునా 20 గంటల చొప్పునే చేస్తే మొత్తం 13,218 పౌండ్లు. అందులో 12,570 దాటిన భాగానికి దాదాపు 130 పౌండ్ల ఆదాయపు పన్ను కూడా పడుతుంది. 2024లో ఈ రెండూ సున్నా. రేట్లు పెంచలేదన్న మాటా నిజమే, మీ కోత పెరిగిన మాటా నిజమే.

ఇంకో సంగతి. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేస్తే ఆ వారాల్లో నేషనల్ ఇన్సూరెన్స్ ఎక్కువ పోతుంది. దాన్ని ఏ జీతానికి ఆ జీతానికే లెక్కిస్తారు కాబట్టి, తర్వాత తక్కువ సంపాదించినా తిరిగి రాదు. ఆదాయపు పన్ను అలా కాదు. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా ఏడాది మొత్తం చూస్తారు, ఎక్కువ కోసి ఉంటే వాపసు వస్తుంది. పే స్లిప్‌లో మీ పన్ను కోడ్ 1257ఎల్ తర్వాత ఎం1 గానీ డబ్ల్యూ1 గానీ కనిపిస్తే, పాత ఉద్యోగం వివరాలు చేరక తాత్కాలికంగా కోస్తున్నారని అర్థం. ఉద్యోగం మానేటప్పుడు, అప్పటిదాకా వచ్చిన జీతం, కోసిన పన్ను చూపే పీ45 అనే కాగితం తీసుకుని కొత్త యజమానికి ఇస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది.

ఇక అంకెల యుద్ధం. 2024 జూన్ 4న టీవీ చర్చలో అప్పటి కన్సర్వేటివ్ ప్రధాని రిషి సునాక్, లేబర్ గెలిస్తే ఒక్కో కుటుంబం మీద 2,000 పౌండ్ల పన్ను పడుతుందని పదే పదే అన్నారు. వింటే ఏడాదికి అనిపిస్తుంది. అసలు లెక్క నాలుగేళ్లది, అంటే ఏడాదికి 500. పైగా లేబర్ పథకాలకు ఎంత ఖర్చవుతుందన్నది ప్రత్యర్థి పార్టీ తన ఊహలతో కట్టిన లెక్క. దాన్ని ప్రభుత్వ అధికారుల లెక్కగా చెప్పుకోవద్దని ఆర్థిక శాఖ ఉన్నతాధికారి ముందే లేఖ రాశారు. వినేవాళ్లకు అది నాలుగేళ్ల మొత్తమని తెలిసే వీలు లేదని గణాంకాల పర్యవేక్షణ సంస్థ కూడా తప్పుబట్టింది. పెద్ద అంకె వినగానే ఎన్నేళ్లకు, ఎంతమందికి పంచి, ఎవరు కట్టిన లెక్క అని అడగండి.

అలాగని లేబర్ తక్కువ తినలేదు. శ్రామికుల మీద పన్ను పెంచబోమని, అంటే ఆదాయపు పన్ను రేట్లు, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ పెంచబోమని మేనిఫెస్టోలో రాసింది. గెలిచాక 2024 అక్టోబరు 30 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 13.8 నుంచి 15 శాతానికి పెంచి, అది మొదలయ్యే పరిమితిని 9,100 నుంచి 5,000 పౌండ్లకు దించారు. 30,000 పౌండ్ల ఉద్యోగి మీద యజమాని కట్టేది 2,884 నుంచి 3,750కి పెరిగింది. మాటిచ్చింది ఉద్యోగుల వాటా గురించేనని ప్రభుత్వం సమర్థించుకుంది. అక్షరాలా చూస్తే వాదించుకోవచ్చు గానీ, యజమాని ఆ భారాన్ని జీతాల పెంపు తగ్గించో, మనుషుల్ని తగ్గించో సర్దుకుంటాడని ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నదే. నా దృష్టిలో అది మాట తప్పడమే.

హామీ ఎవరికి లాభమో తేల్చాలంటే ఒకే హామీని వేర్వేరు జీతాలకు పెట్టి చూడాలి. నేషనల్ ఇన్సూరెన్స్‌లో ఇంకో 2 శాతం తగ్గిస్తామని కన్సర్వేటివ్‌లు 2024లో అన్నారు. దానివల్ల 30,000 జీతగాడికి ఏడాదికి 349 పౌండ్లు, 50,270 వాడికి 754. పింఛను వయసు దాటినవారు ఆ చందా కట్టరు కాబట్టి వాళ్లకు ఏమీ రాదు. అద్దెల మీద బతికే ఇంటి యజమానికీ అంతే. పన్నులేని పరిమితిని 20,000కు పెంచుతామని రిఫార్మ్ పార్టీ అంది. 30,000 జీతానికి అది 1,486 పౌండ్ల లాభం, మీలాంటి పార్ట్‌టైమ్ వాళ్లకు మహా అయితే వందా నూట ముప్ఫై. ఖజానాకు తగ్గే డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్నదే అక్కడ అసలు ప్రశ్న. ప్రధాన పార్టీలన్నీ ఆ ప్రశ్నను తప్పించుకుంటున్నాయని ఐఎఫ్ఎస్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ ఆ ఎన్నికల పొడుగునా చెప్పింది.

అన్నట్టు, మీ దగ్గర వసూలు చేసే ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 470 నుంచి 776 పౌండ్లకు పెరిగింది 2024 ఫిబ్రవరిలో. ప్రభుత్వోద్యోగుల జీతాల పెంపుకు డబ్బు కావాలని 2023 జూలైలో ప్రకటించిన పెంపు అది. ప్రభుత్వం దాన్ని పన్ను అనలేదు. ఓటున్నా అడగనివాళ్ల మీద భారం వేయడం ఏ ప్రభుత్వానికైనా సులువే.

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో ఉంటే ఇంకో జాగ్రత్త. స్కాట్లాండ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను రేట్లు అక్కడి పార్లమెంటు నిర్ణయిస్తుంది, మీ కోడ్ ముందు ఎస్ ఉంటుంది. లండన్ పార్టీలు ఆ రేట్ల మీద ఇచ్చే హామీ మీ జీతానికి వర్తించదు. నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ మాత్రం దేశమంతటికీ ఒకటే.

మేనిఫెస్టో చేతికొస్తే ముందు ఖర్చుల పట్టిక ఎక్కడుందో చూడండి. ఏ సంవత్సరానికి లెక్క వేశారో, రాబడి వరుసలో "పన్ను ఎగవేత అరికట్టడం" అని ఎంత రాశారో వెతకండి. ఆ వరుసలో మొత్తం ఎంత పెద్దదైతే మిగతా పట్టికను అంత అనుమానంగా చదవండి.

మీ తాతయ్య