అలైనర్లు పెట్టుకుంటే పంటి వేరు కరగదా?

"క్లిప్పులేస్తే వేర్లు కరిగిపోతాయంట కదండీ, అందుకే అలైనర్లకు వచ్చాం." ఈ మాట విని విని విసుగొచ్చింది. అలైనర్లంటే క్లిప్పులకు బదులు పళ్ళకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు. వాటితో వేరు కరగదన్న మాట ఎవరు పుట్టించారోగానీ, దీనివల్ల నష్టపోతున్నవాళ్ళను చూస్తున్నాను.

అపోహ: అలైనర్లతో వేరు కరగదు.

వాస్తవం: కరుగుతుంది. పన్ను కదలాలంటే ఒత్తిడి పడినవైపు ఎముక కరిగి దారివ్వాలి. ఆ పని జరిగే చోట వేరు పైపొర కూడా కొంత దెబ్బతింటుంది. తోసేది వైరైనా, ప్లాస్టిక్ ట్రే అయినా ఇంతే. చాలామందిలో పోయేది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే. 4 మిల్లీమీటర్లు దాటేది నూటికి ఐదుగురిలోపే. అలైనర్లతో కాస్త తక్కువ కరుగుతుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, నిజమే. అయితే అలైనర్లకు ఎక్కువగా వెళ్ళేవి తేలిక కేసులు. పళ్ళు తీసి, ఎత్తుపళ్ళను బాగా వెనక్కి లాగాల్సినవి ఎక్కువగా వైర్లకే వస్తాయి. దూరం పెరిగినా, నెలలు పెరిగినా వేరుకు ముప్పు పెరుగుతుంది. ఈ రెండింటికీ పోటీ పెడితే ఎలా?

అసలు నష్టం ఎక్కడంటే, "కరగదు" అని నమ్మినవాళ్ళు ఎక్స్-రే ఎందుకంటారు. ఫోటోలు పంపి ట్రేలు ఇంటికే తెప్పించుకుంటారు. వేరు కరిగితే నొప్పి ఉండదు, అద్దంలో కనపడదు. మొదలుపెట్టేముందు ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి కనపడే పెద్ద ఎక్స్-రే), ఆరు నెలల నుంచి ఏడాది లోపు పై ముందుపళ్ళకు చిన్న ఎక్స్-రే తీయాల్సిందే. వేర్లు పొట్టిగా, మొనదేలి ఉన్నవాళ్ళకు, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ముందుపళ్ళకు దెబ్బ తగిలినవాళ్ళకు మరీ ముఖ్యం. ఆ దెబ్బ సంగతి మేం అడగకపోయినా మీరే చెప్పండి.

భయపడేవాళ్ళను మాత్రం ఏమీ అనలేను. క్లిప్పులు పెట్టుకున్న ఒక ఇంటర్ అమ్మాయిని తీసుకుని వాళ్ళమ్మ వచ్చారు. రిపోర్టులో వేరు కొస మొద్దుబారిందని చదివి ఇద్దరికీ నిద్ర లేదు. "పెళ్ళినాటికి పళ్ళూడిపోతాయా డాక్టర్ గారూ? క్లిప్పులు ఇప్పుడే పీకేయండి" అంటారామె. పోయింది మిల్లీమీటరే. వేరు కొస సన్నం కదమ్మా, పన్నును గట్టిగా పట్టి ఉంచేది చిగురు దగ్గరి లావు భాగం అని బొమ్మ గీసి చూపించాను. మూడు నెలలు లాగుడు ఆపాం. తర్వాతి ఎక్స్-రేలో మార్పు లేదు, తక్కువ బలంతో మళ్ళీ మొదలెట్టాం. ఆ అమ్మాయికైతే వేరుకన్నా, చికిత్స మూడు నెలలు సాగిందన్న బాధే ఎక్కువ!

మిగతావి చకచకా. రూట్ కెనాల్ చేయించాలా? అక్కర్లేదు, నరానికి ఏమీ కాదు. క్యాల్షియం మాత్రలతో వేరు పెరుగుతుందా? పెరగదు, పోయిన పొడవు తిరిగి రాదు. క్లిప్పులు తీశాకా కరుగుతూనే ఉంటుందా? బలం ఆగితే మామూలుగా అదీ ఆగుతుంది, గరుకుదేలిన చోటు కొంత పూడుతుంది.

రిపోర్టులో వేరు కరిగిందన్న మాట కనపడితే భయపడి రావడం మానేయకండి, నోట్లో వైరు తన పని తాను చేస్తూనే ఉంటుంది. అలైనర్లవాళ్ళు కొత్త ట్రేకి మారకుండా ఉన్నదే పెట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు పాత ఓపీజీ తెండి, పక్కన పెట్టి చూడటానికి అది కావాలి.