పక్కింటి పాప నమిలిన మాత్ర

బడి నుంచి వచ్చిన కాగితం పట్టుకుని పై అంతస్తు ఆవిడ మా గుమ్మంలో నిలబడ్డారు. హైదరాబాద్ హబ్సిగూడలో మా రెండు కుటుంబాలూ ఒకే మెట్లు ఎక్కి దిగుతాయి. నులిపురుగుల నివారణ దినోత్సవం నాడు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర వేస్తామని అందులో ఉంది. "మా పాప చెప్పులు లేకుండా గడప దాటదండీ. చేతులు కడగనిదే ముద్ద ముట్టదు. దానికీ మాత్ర ఎందుకు?" అని అడిగారు. ఈ ప్రశ్నంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. నేను చదివినంతలో దీనికి అన్నిటికన్నా లోతైన జవాబు ఆర్థికవేత్తల దగ్గర దొరికింది.

ముందు ఒక నమ్మకం సంగతి. తీపి ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయని మా అమ్మమ్మ బెల్లం డబ్బా దాచేది. నిద్రలో పళ్ళు కొరికితే పురుగులే అనేది, కడుపునొప్పి వస్తే దిష్టి తీసేది. ఈ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పురుగు తీపిలో పుట్టేదైతే అది ఆ పిల్ల ఒక్కదాని గొడవ. మట్టిలోంచి వచ్చేదైతే వీధి మొత్తానిది.

నిజానికి అది మట్టిలోంచే వస్తుంది. ఆడ ఏలికపాము రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. వాటిలో ఒక్కటి కూడా ఆ కడుపులో పిల్ల కాదు. ప్రతి గుడ్డూ మలంతో బయటపడి, తడి మట్టిలో రెండు మూడు వారాలు ముదిరి, మళ్ళీ ఎవరి నోట్లోకో చేరాలి. కొంకిపురుగైతే నోటి కోసం కూడా చూడదు. దాని పిల్ల ఉత్త పాదం చర్మంలోంచి దూరిపోతుంది. మూసీ మురుగునీటితో సాగుచేసే మన నగర శివారు కుటుంబాల్లో ఈ పురుగుల ముప్పు ఎక్కువని 2008లో వెలువడిన పరిశోధన చూపింది.

ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రోటీనును పట్టుకుంటుంది. దాంతో కణంలోని సన్నని గొట్టాలు కూలి, పురుగు గ్లూకోజును పీల్చుకోలేక చక్కెర అందక చస్తుంది. అయితే రేపు మింగబోయే గుడ్డును ఈ మాత్ర ఆపలేదు. కాబట్టి మాత్ర వేసుకున్న పిల్లకు దక్కే మేలు కొన్నాళ్ళదే. ఆ పిల్ల నుంచి మట్టిలోకి రాని లక్షల గుడ్ల వల్ల కలిగే మేలు మాత్రం ఆ మట్టిలో ఆడే అందరిదీ. ఆర్థికశాస్త్రంలో దీన్ని బాహ్యప్రభావం అంటారు. మన బడి పుస్తకాల్లో పురుగు జీవితచక్రం బొమ్మ ఉంటుంది, పిల్లలు చక్కగా రంగులు కూడా వేస్తారు. ఆ బాణం గుర్తుల్లో ఒకటి పక్కింటికి వెళుతుందని చెప్పేవారే ఉండరు.

ఇక్కడే కొలత చిక్కు వస్తుంది. ఒకే బడిలో సగం మందికి మాత్ర ఇచ్చి మిగతా సగంతో పోల్చారనుకోండి. మట్టి శుభ్రపడి ఇవ్వనివారూ కోలుకుంటారు, తేడా చిక్కిపోతుంది. ఒక మడికి నీళ్ళు పెట్టాక ఊట గట్టు కిందుగా పక్క మడికి చేరిందనుకోండి. రెండు మళ్ళూ పచ్చగానే ఉన్నాయి కాబట్టి నీళ్ళ వల్ల లాభం లేదని రాసుకుంటే ఎలా ఉంటుంది? పాత పరీక్షలు కొన్ని అలాగే నడిచాయి.

ఆర్థికవేత్తలు మైకేల్ క్రీమర్, ఎడ్వర్డ్ మిగెల్ చేసిన పని మడిని వదిలి ఆయకట్టును కొలవడం. పశ్చిమ కెన్యాలోని బుసియాలో 75 ప్రాథమిక పాఠశాలలు, 30 వేలకు పైగా పిల్లలు. బడులను మూడు జట్లుగా విడదీసి 1998లో ఒక జట్టుకు, 1999లో రెండో జట్టుకు, 2001లో మూడో జట్టుకు మందు ఇచ్చారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు అందిన బడుల్లో గైర్హాజరు పావు వంతు తగ్గింది. పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. దగ్గరలోని మందు అందని బడుల్లోనూ పురుగులు తగ్గాయి. ఈ ప్రభావం 6 కిలోమీటర్ల దాకా ఉందని మొదట రాశారు. 2015లో ఇతరులు మళ్ళీ లెక్కకట్టినప్పుడు తప్పులు బయటపడ్డాయి, 3 కిలోమీటర్ల లోపుది నిలబడింది. ఊరందరికీ మాత్రలివ్వడం వల్ల లాభం ఎంతన్న దానిపై వైద్య పరిశోధకులు ఇప్పటికీ ఒప్పుకోని విషయాలున్నాయి. పద్ధతి విషయంలో నేను క్రీమర్ పక్షమే. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో పాటు ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ దక్కింది.

అక్కడే ఇంకో సంగతి తేలింది. మందుకు కొద్దిపాటి రుసుము పెట్టగానే వేసుకునేవారు 75 శాతం నుంచి 18 శాతానికి పడిపోయారు. అంతకన్నా విచిత్రం, ముందే మందు అందిన బడుల్లో స్నేహితులు ఎక్కువగా ఉన్నవారే మాత్ర తక్కువగా తీసుకున్నారు. "వేసుకున్నా పెద్ద తేడా లేదు" అని వాళ్ళు విన్నారు. విన్నది తప్పు కాదు, మేలులో పెద్ద భాగం వేరే ఇంట్లో ఉంది. సొంత లాభం చూసుకుని కొనమంటే ఎవరూ కొనని వస్తువు ఇది. అందుకే ఉచితంగా బడిలోనే ఇవ్వాలి.

ఆడపిల్లల దగ్గరికి వద్దాం. బుసియాలో 13 ఏళ్ళు నిండిన అమ్మాయిలకు మాత్ర ఇవ్వకూడదన్నది నాటి నియమం, గర్భం ఉంటే పిండానికి హాని అన్న భయంతో. అయినా మందు అందిన బడుల్లో వాళ్ళ హాజరూ పెరిగింది. పదేళ్ళ తర్వాత చూస్తే, ఆ బడుల్లో చదివిన అమ్మాయిలు ఉన్నత పాఠశాలకు వెళ్ళే అవకాశం దాదాపు పావు వంతు పెరిగి, అబ్బాయిలతో ఉన్న అంతరం సగానికి తగ్గింది. కొంకిపురుగు తాగేది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నా, అసలే తక్కువ రక్తమున్న ఒంట్లోంచి రోజూ ఇంకొంచెం పోవడం చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఆ ప్రాంతంలోనే ఓవెన్ ఓజియర్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన. బడిపిల్లలకు మందు ఇచ్చిన నాటికి ఏడాది కూడా నిండని పసివాళ్ళను ఆయన పదేళ్ళ తర్వాత పరీక్షించారు. ఆ మందు వాళ్ళు ముట్టలేదు. అయినా వాళ్ళ తెలివితేటల్లో కనిపించిన మెరుగు, 0.5 నుంచి 0.8 ఏడాది చదువుతో సమానం. మందు అందిన బడిలో అక్కో అన్నో ఉండే వీలున్నవారిలో అది ఇంకా ఎక్కువ.

ఇదంతా విన్నాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది తన పాప గురించి కాదు. "మన వాచ్‌మన్ చిన్నవాడికి రెండేళ్ళు నిండలేదు, బడికి వెళ్ళడు. మరి వాడికి?" అంగన్‌వాడీలో వేస్తారని చెప్పాను. ఏడాది నిండి రెండేళ్ళు నిండనివారికి సగం మాత్ర, పొడి చేసి నీళ్ళలో కలిపి. ఆ రోజు తప్పిపోతే, మిగిలిపోయిన పిల్లల కోసం కొద్ది రోజుల తర్వాత ఇంకో రోజు పెడతారు. రెండు తేదీలనూ మెట్ల దగ్గర గోడ మీద రాసి అంటించాం.